కొత్త స్విమ్మింగ్ పూల్: మొదటి నెలలో నీళ్లను సరిచేసుకోవడం ఎలా

కొత్త పూల్‌లో నీళ్లు నింపిన రోజు అడుగు దాకా కనిపిస్తుంది. రెండు మూడు రోజులు గడిచేసరికి నీళ్లు తెల్లగా మసకబారతాయి, లేదంటే లేత ఆకుపచ్చకు తిరుగుతాయి. ఒక్కోసారి క్లోరిన్ వేసిన గంటకే గోధుమ రంగులోకి మారతాయి. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. చేతికి అందిన డబ్బా మూత తీసి ఒకదాని మీద ఒకటి కుమ్మరించేస్తారు. నిజానికి ఈ మూడింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు. తెల్లటి మసక సిమెంట్ నుంచి రావచ్చు, ఆకుపచ్చ పాచి వల్ల రావచ్చు, గోధుమ రంగు ఇనుము వల్ల రావచ్చు. కారణం తెలియకుండా వేసిన మందు రెండో సమస్యను తెచ్చిపెడుతుంది.

అందుకే ఒక మాట ముందే చెప్తాను. మొదటి నెలలో మీరు ఎక్కువ చేయాల్సిన పని కొలవడం, తక్కువ చేయాల్సిన పని మందులు వేయడం. వేసేటప్పుడు కూడా ఒకసారికి ఒక్కటే.

నింపకముందు

మీ పూల్‌లో ఎన్ని లీటర్లు పడతాయో కచ్చితంగా తెలియాలి. ఇది తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 1,000తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక చివర 1 మీటరు, ఇంకో చివర 1.5 మీటర్ల లోతు ఉన్న పూల్ తీసుకుందాం. సగటు లోతు 1.25 మీటర్లు కాబట్టి 50,000 లీటర్లు. గుండ్రటి పూల్ అయితే వ్యాసాన్ని వ్యాసంతో, తర్వాత సగటు లోతుతో గుణించి 0.785తో, ఆపైన 1,000తో హెచ్చవేయాలి. నీళ్లు పట్టే పైపుకు మీటర్ ఉంటే ఇంకా మంచిది, నింపకముందు ఒకసారి, నిండాక ఒకసారి రీడింగ్ రాసుకోండి. వంపులు తిరిగిన పూల్‌కు దీన్ని మించిన లెక్క లేదు. ఈ వ్యాసంలో నేను ఇచ్చే మోతాదులన్నీ ఈ 50,000 లీటర్ల పూల్‌కే. మీది 25,000 అయితే సగం, లక్ష అయితే రెట్టింపు.

రెండోది, నింపబోయే నీళ్లు ఎలాంటివో చూడండి. బోరు నీళ్లలో కాల్షియం, ఇనుము, కొన్నిచోట్ల మాంగనీసు ఎక్కువగా ఉంటాయి. ఇనుము ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. తెల్ల బకెట్ నిండా ఆ నీళ్లు పట్టి, కొంచెం క్లోరిన్ వేసి కలిపి కొన్ని గంటలు ఉంచండి. నీళ్లు పసుపుగానో గోధుమ రంగులోకో మారితే ఇనుము ఉన్నట్టే. బోరులోంచి వచ్చేటప్పుడు ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి బయటపడుతుంది. అలాంటి నీళ్లయితే క్లోరిన్ వేయడానికి ముందే లోహాలను పట్టి ఉంచే మందు వేయాలి. దాన్ని సీక్వెస్ట్రెంట్ అంటారు. వీలుంటే నింపేటప్పుడే ఇనుమును వడగట్టే ఫిల్టర్ గుండా నీళ్లు పంపండి. కొత్త ప్లాస్టర్ మీద తుప్పు మరక పడితే పోగొట్టడం చాలా కష్టం.

కొలిచే సామగ్రి

రంగు పట్టీలు రోజువారీ చూపుకు పనికొస్తాయి. కొత్త పూల్‌కు మాత్రం చుక్కల కిట్ కొనండి. పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె), ఫ్రీ క్లోరిన్ (ఇంకా పనిచేయగల క్లోరిన్), కంబైన్డ్ క్లోరిన్ (మురికితో కలిసి బలం పోయిన క్లోరిన్), ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం), కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన కాల్షియం), సైనూరిక్ యాసిడ్ (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడేది), ఈ ఆరూ కొలిచేది అయి ఉండాలి. క్లోరిన్, పీహెచ్ మాత్రమే చూపించే చిన్న డబ్బా సరిపోదు.

నీళ్లు పైపైన ముంచుకోకండి. మోచేతి లోతున, నీళ్లు తిరిగి వచ్చే జెట్‌లకు దూరంగా తీయాలి. మందు వేసిన వెంటనే కొలిచినా లెక్క తప్పు వస్తుంది.

ఒక తిరకాసు గుర్తుంచుకోండి. క్లోరిన్ కొలిచే డీపీడీ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. కానీ క్లోరిన్ మరీ ఎక్కువైతే అదే క్లోరిన్ ఆ రంగును చెరిపేస్తుంది, సీసాలో నీళ్లు ఏ రంగూ లేకుండా కనిపిస్తాయి. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోస్తారు. చుక్క పడగానే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైందంటే అనుమానించండి. మళ్లీ పట్టిన పూల్ నీళ్లలో అంతే కొలత మామూలు మంచినీళ్లు కలిపి చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. పీహెచ్ కొలిచే ఫినాల్ రెడ్ కూడా క్లోరిన్ ఎక్కువున్నప్పుడు ఊదా రంగు చూపించి మోసం చేస్తుంది. ముందు క్లోరిన్ తగ్గనివ్వండి, తర్వాత పీహెచ్ నమ్మండి.

నింపడం మొదలుపెడితే ఆపొద్దు

సిమెంట్ ప్లాస్టర్ వేసిన పూల్ అయితే పైపు కొసకు గుడ్డ చుట్టి అన్నిటికన్నా లోతైన చోట పెట్టండి. ధార నేరుగా ప్లాస్టర్‌ను కొట్టకూడదు. టైల్ మధ్యకు నీళ్లు వచ్చేదాకా ఆపకుండా నింపండి. మధ్యలో ఆపితే ఆ మట్టం దగ్గర గోడ చుట్టూ గీత పడుతుంది, అది పోదు. నిండుతున్నప్పుడు ఎవరినీ లోపలికి దిగనివ్వకండి.

నిండిన వెంటనే పంపు వేయండి. మొదటి మూడు రోజులు రాత్రింబవళ్లు ఆడనివ్వండి.

లైనర్ పూల్ (లోపల ప్లాస్టిక్ షీటు పరిచినది), ఫైబర్ పూల్ ఉన్నవాళ్లకు కింది భాగంలో సిమెంట్ గురించి చెప్పేది అంతగా వర్తించదు. నేరుగా ‘మందులు ముట్టుకునే ముందు’ అనే భాగానికి వెళ్లవచ్చు.

సిమెంట్ ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది

కొత్త పూల్ నీళ్లు నిలకడగా ఉండకపోవడానికి అసలు కారణం ఇదే. ప్లాస్టర్ నీళ్ల కింద కూడా గట్టిపడుతూనే ఉంటుంది. ఆ క్రమంలో కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, నీళ్లలోకి వస్తుంది. అది పీహెచ్‌ను పైకి నెడుతుంది. నీళ్లలోని బైకార్బనేట్‌తో కలిసి సన్నటి తెల్ల పొడిగా గోడల మీద, అడుగున పేరుకుంటుంది. ఈ పని మొదటి 28 రోజుల్లో బాగా జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఈ రోజు 7.5 ఉన్న పీహెచ్ మర్నాటికి 8 దాటిందంటే మీరు చేసిన తప్పేమీ లేదు, సిమెంట్ తన పని తాను చేస్తోంది.

దీనికి మందు బ్రష్. మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు, ఆ తర్వాత నెల నిండేదాకా రోజుకు ఒకసారి, గోడలు పైనుంచి కిందికి, అడుగు లోతైన వైపుకు మెత్తటి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. తీగల బ్రష్ వద్దు. ఆ పొడి నీళ్లలోకి లేస్తే ఫిల్టర్ పట్టుకుంటుంది. వదిలేస్తే అక్కడే గట్టిపడి గరుకు పొరగా మిగిలిపోతుంది. శ్రమ అనిపిస్తుంది, కాదనను. కానీ ప్లాస్టర్ జీవితకాలంలో ఈ నెల రోజుల బ్రషింగ్‌కు సాటివచ్చే జాగ్రత్త ఇంకోటి లేదు.

చక్రాలున్న వాక్యూమ్ రెండు వారాలదాకా దింపకండి, గాట్లు పడతాయి. తనంతట తాను తిరిగే క్లీనర్‌ను నెల ఆపండి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉన్నా ఉప్పు ఈ 28 రోజులు వేయొద్దు. నీళ్లలో పొడి ఉన్నంతవరకు హీటర్ కూడా వేయకండి. క్లోరిన్ మొదటి రెండు మూడు రోజులు ఆపి, ఆ తర్వాత మొదలుపెట్టడం మామూలు పద్ధతి. ప్లాస్టర్ చేసినవాళ్లు వేరే సూచనలు రాసి ఇచ్చి ఉంటే వాటినే పాటించండి, ఎందుకంటే ఏ మిశ్రమం వాడారో వాళ్లకే తెలుసు.

మందులు ముట్టుకునే ముందు

ఇది చదవకుండా కిందికి వెళ్లకండి. యాసిడ్‌ను, క్లోరిన్‌ను ఎప్పుడూ కలపకూడదు, ఒకే బకెట్ కూడా వాడకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. రెండు రకాల క్లోరిన్‌లు కూడా కలపకూడదు. ట్రైక్లోర్ బిళ్లల పొడి, కాల్షియం హైపోక్లోరైట్ పొడి కలిస్తే మంటలు లేవవచ్చు, పేలవచ్చు. ఒకదానికి వాడిన గరిటె తడిగానో పొడిగానో ఇంకోదాంట్లో ముంచకండి. ఎప్పుడూ బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత మందు. మందు మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. యాసిడ్ డబ్బాలు, క్లోరిన్ డబ్బాలు వేర్వేరు చోట్ల, గాలి ఆడే, పిల్లలకు అందని గదుల్లో ఉండాలి.

వరుస: ఆల్కలినిటీ, పీహెచ్, కాల్షియం, తర్వాతే క్లోరిన్

ఈ వరుసకు కారణం ఉంది. ఆల్కలినిటీ పీహెచ్‌ను పట్టి ఉంచుతుంది. అది తక్కువుంటే పీహెచ్ ఈ పూట ఒకలా, రేపు ఒకలా ఊగుతుంది. పీహెచ్ సరిగ్గా లేకపోతే క్లోరిన్ వేసినా పూర్తిగా పనిచేయదు. క్లోరిన్‌లో సూక్ష్మజీవులను చంపే భాగం పీహెచ్ 7.5 దగ్గర సుమారు సగం ఉంటుంది, 8 దగ్గర పావు వంతుకు పడిపోతుంది.

ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అనే లెక్క) మధ్య ఉండాలి. తక్కువైతే బేకింగ్ సోడా, అదే తినే సోడా. 50,000 లీటర్లకు 10 పీపీఎం పెంచడానికి 840 గ్రాములు పడుతుంది. 60 నుంచి 90కి తేవాలంటే రెండున్నర కిలోలు. నీళ్ల మీద విశాలంగా చల్లి, పంపు ఆడుతుండగా కొన్ని గంటలు ఆగి మళ్లీ కొలవండి.

ఎక్కువైతే తగ్గించడం కాస్త ఓపిక పని. సుమారు 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటరు వేస్తే 50,000 లీటర్లలో 10 పీపీఎం తగ్గుతుంది, దాంతోపాటే పీహెచ్ కూడా పడుతుంది. పీహెచ్ 7.2 దాకా దిగాక ఆపండి. తర్వాత జెట్‌లను పైకి తిప్పి నీళ్లు చిందేలా చేయండి. గాలి కలిస్తే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, ఆల్కలినిటీ మాత్రం పెరగదు. పీహెచ్ పైకి రాగానే మళ్లీ కొంచెం యాసిడ్. ఇలా మెట్లు మెట్లుగా దించాలి. ఒకేసారి దించాలని చూస్తే కొత్త ప్లాస్టర్‌ను యాసిడ్ తినేస్తుంది.

పీహెచ్ 7.4 నుంచి 7.6 దగ్గర పెట్టుకోండి. మొదటి నెలలో అది పైకే పోతుంది కాబట్టి మీరు ఎక్కువగా వాడేది యాసిడే. ఆల్కలినిటీ 100 దగ్గర ఉన్న మన పూల్‌లో 7.8 నుంచి 7.5కు రావడానికి 300 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది. అయినా ముందు సగం వేయండి, నాలుగు గంటలాగి కొలవండి, అవసరమైతే మిగతాది వేయండి. యాసిడ్ నీళ్లకన్నా బరువు. ఒకేచోట గుమ్మరిస్తే నేరుగా అడుగుకు దిగి ప్లాస్టర్‌ను చెక్కేస్తుంది. బకెట్ నీళ్లలో కలిపి, లోతైన చోట జెట్ ముందు సన్నటి ధారగా పోయండి.

కాల్షియం హార్డ్‌నెస్ ప్లాస్టర్ పూల్‌కు 200 నుంచి 400 పీపీఎం. నీళ్లలో కాల్షియం లేకపోతే అవి ప్లాస్టర్ నుంచే, టైల్స్ మధ్య గ్రౌట్ నుంచే లాక్కుంటాయి. తక్కువైతే కాల్షియం క్లోరైడ్ వేయాలి. మామూలుగా దొరికే రేకుల రకం 50,000 లీటర్లకు 10 పీపీఎంకు 730 గ్రాముల దాకా పడుతుంది. నీళ్లలో వేయగానే బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ బకెట్‌లో కొంచెం కొంచెంగా కలపండి. సోడా వేసిన రోజే దీన్ని వేయకండి. రెండూ గాఢంగా ఒకచోట కలిస్తే పాలలా విరిగి తెల్లటి మసక వస్తుంది. లైనర్, ఫైబర్ పూల్‌లలో కాల్షియం తక్కువున్నా పెద్ద నష్టం లేదు.

బోరు నీళ్లు గట్టిగా ఉంటే, అంటే కాల్షియం ఎక్కువుంటే, ఏం చేయాలి

చాలామంది ఇక్కడే కంగారుపడతారు. కాల్షియం 600 వచ్చింది, దాన్ని తగ్గించే మందేదీ లేదు, నీళ్లు పారబోయడమేనా అని. అక్కర్లేదు. విల్‌ఫ్రెడ్ లాంగ్లియర్ అనే అమెరికన్ ఇంజనీరు 1936లో ఒక సూచిక ఇచ్చాడు. నీళ్లు సున్నాన్ని కరిగించుకుంటాయా, పేరబెడతాయా అనేది ఏ ఒక్క అంకె మీదా ఆధారపడదు, పీహెచ్, వేడి, కాల్షియం, ఆల్కలినిటీ అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. పూల్ మనుషులు వాడే తేలిక లెక్క ఇది: పీహెచ్‌కు వేడి అంకె, కాల్షియం అంకె, ఆల్కలినిటీ అంకె కలిపి 12.1 తీసేయాలి. ఫలితం మైనస్ 0.3 నుంచి ప్లస్ 0.3 లోపు ఉంటే నీళ్లు నిలకడగా ఉన్నట్టు.

వేడి అంకె 24 డిగ్రీలకు 0.6, 29 డిగ్రీలకు 0.7, 34 డిగ్రీలకు 0.8. కాల్షియం అంకె 100 పీపీఎంకు 1.6, 250కి 2.0, 400కు 2.2, 600కు 2.4. ఆల్కలినిటీ అంకె 50కి 1.7, 80కి 1.9, 100కు 2.0, 200కు 2.3.

ఇప్పుడు ఆ బోరు నీళ్లు చూద్దాం. పీహెచ్ 8.0, వేడి 29 డిగ్రీలు, కాల్షియం 600, ఆల్కలినిటీ 200. 8.0, 0.7, 2.4, 2.3 కలిపితే 13.4. అందులో 12.1 పోతే 1.3. టైల్స్ మీద తెల్ల పొర, నీళ్లలో మసక తప్పవు. ఇప్పుడు కాల్షియం జోలికి పోకుండా ఆల్కలినిటీని 80కి, పీహెచ్‌ను 7.4కు దించండి. 7.4, 0.7, 2.4, 1.9 కలిపితే 12.4. సూచిక 0.3. అంటే గట్టి నీళ్లతో కూడా పూల్ బాగా నడుస్తుంది, పీహెచ్‌ను మాత్రం కిందే పట్టి ఉంచాలి. సైనూరిక్ యాసిడ్ వేశాక ఆల్కలినిటీ కొలతలోంచి దాని పీపీఎంలో మూడో వంతు తీసేసి ఈ లెక్క వేయండి. ఆవిరయ్యేవి మంచినీళ్లే, కాల్షియం వెనకే ఉండిపోతుంది కాబట్టి తగ్గిన నీళ్లు నింపిన ప్రతిసారీ అది పెరుగుతుంది. నెలకోసారి కొలవడం అందుకే.

ఎండ, క్లోరిన్

ఆరుబయట పూల్‌లో వేసిన క్లోరిన్ ఎండకు కొన్ని గంటల్లోనే చాలావరకు పోతుంది. దాన్ని కాపాడేది సైనూరిక్ యాసిడ్, అంటే స్టెబిలైజర్. 30 నుంచి 50 పీపీఎం చాలు. 50,000 లీటర్లకు 30 పీపీఎం అంటే కిలోన్నర. త్వరగా కరగదు. పల్చటి గుడ్డ సంచిలో కట్టి జెట్ ముందు వేలాడదీసి అప్పుడప్పుడు పిసకండి. కొలతలో పూర్తిగా కనిపించడానికి వారం పట్టవచ్చు, ఈలోగా చాలలేదని మళ్లీ వేయకండి. నాలుగు గోడల మధ్య ఉన్న పూల్‌కు ఇది అవసరం లేదు.

ఇక ఏ క్లోరిన్ అనేది. ద్రవ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, నాకు కొత్త పూల్‌కు అన్నిటికన్నా నచ్చిన రకం. నీళ్లలో కాల్షియంనూ పెంచదు, స్టెబిలైజర్‌నూ పెంచదు. 10 శాతం ద్రవం అర లీటరు వేస్తే 50,000 లీటర్లలో 1 పీపీఎం వస్తుంది. ఎండలో, వేడిలో దాని బలం తగ్గిపోతుంది కాబట్టి తాజాది కొని నీడలో పెట్టుకోవాలి. కాల్షియం హైపోక్లోరైట్ పొడి 65 శాతం రకమైతే 1 పీపీఎంకు 80 గ్రాముల లోపే సరిపోతుంది, కానీ అది ఇచ్చే ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో సుమారు 7 పీపీఎం కాల్షియం కూడా కలుస్తుంది. గట్టి నీళ్లవాళ్లకు తగదు.

ట్రైక్లోర్ బిళ్లలు సుఖంగా ఉంటాయి, చిక్కు కూడా వాటితోనే. ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో 6 పీపీఎం స్టెబిలైజర్ కలుస్తుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలంతా బిళ్లలే వాడితే 36 పీపీఎం పెరుగుతుంది. మూడు నెలలకు వంద దాటిపోతుంది. స్టెబిలైజర్ అంత ఎక్కువైతే క్లోరిన్ ఉన్నట్టు కిట్ చూపిస్తుంది, పాచి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కొంత నీళ్లు తీసేసి కొత్తవి నింపడం తప్ప దారి లేదు. ఇంకో సంగతి, ఈ బిళ్లలకు యాసిడ్ గుణం బాగా ఎక్కువ. కొత్త ప్లాస్టర్ మీద పడేస్తే ఆ చోట తెల్లగా తినేస్తాయి. నీటిమట్టం దగ్గర తేలే చెత్తను లాగే స్కిమ్మర్‌లోనూ పెట్టకండి, పంపు ఆగినప్పుడు యాసిడ్ నీళ్లు పైపుల్లో నిలుస్తాయి.

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం ఫ్రీ క్లోరిన్ కనీసం 1 పీపీఎం, స్టెబిలైజర్ వాడితే కనీసం 2 పీపీఎం ఉండాలి. స్టెబిలైజర్ 40 ఉంటే నేను 3 దగ్గర ఉంచమంటాను. స్టెబిలైజర్ పెరిగేకొద్దీ క్లోరిన్ కూడా పెంచాలి. క్లోరిన్ సాయంత్రం ఎండ తగ్గాక వేయండి, రాత్రంతా పనిచేస్తుంది.

మసక ఎందుకో కనిపెట్టడం

మందు వేయకముందు ఈ చిన్న పరీక్షలు చేయండి. పారదర్శకమైన సీసాలో పూల్ నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున తెల్ల పొడి దిగితే అది ప్లాస్టర్ పొడి, బ్రష్, ఫిల్టర్ చూసుకుంటాయి. ఇంకో సీసాలో కొన్ని చుక్కల వెనిగర్ వేయండి. మసక విడిపోయి తేటపడితే అది కాల్షియం కార్బనేట్, అంటే పీహెచ్ ఎక్కువైంది. యాసిడ్‌తో పీహెచ్ దించండి, అదే తేరుకుంటుంది.

రెండింటికీ లొంగకపోతే పాచి మొదలవుతోందేమో చూడాలి. చీకటి పడ్డాక ఫ్రీ క్లోరిన్ కొలవండి, తెల్లవారుజామున ఎండ పడకముందే మళ్లీ కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి క్లోరిన్ పెద్దగా తగ్గకూడదు. 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే నీళ్లలో ఏదో దాన్ని తింటోంది. అప్పుడు క్లోరిన్ మోతాదు పెంచి, నీళ్లు తేటపడి, రాత్రి తరుగుదల ఆగేదాకా ఆ మట్టాన్ని నిలబెట్టాలి. ఒక రోజు భారీగా వేసి రెండు రోజులు వదిలేయడం వల్ల ఉపయోగం లేదు, పాచి మళ్లీ లేస్తుంది.

నీళ్లు తేటగానే ఉండి రంగు మాత్రం మారితే అది లోహం. టీ రంగు ఇనుము, పారదర్శకమైన ఆకుపచ్చ చాలాసార్లు రాగి. దీనికి క్లోరిన్ పెంచితే ముదురుతుంది. సన్నటి బుడగలు జెట్‌లలోంచి వస్తూ మసకగా కనిపిస్తుంటే అది రసాయన సమస్యే కాదు, పంపు మూత దగ్గరో, నీటిమట్టం తగ్గి స్కిమ్మర్ దగ్గరో గాలి పీలుస్తోంది.

ఫిల్టర్‌కు సమయం ఇవ్వండి

పూల్ నీళ్లన్నీ ఒక్కసారి ఫిల్టర్ గుండా తిరిగితే శుభ్రమైపోతాయని అనుకుంటాం. అలా జరగదు. శుభ్రమైన నీళ్లు వెంటనే మురికి నీళ్లతో కలిసిపోతాయి కాబట్టి కొన్ని నీళ్లు రెండుసార్లు తిరుగుతాయి, కొన్ని అసలు తిరగవు. ఒక తిప్పుకు 63 శాతం, రెండు తిప్పులకు 86, మూడింటికి 95 శాతం నీళ్లు ఫిల్టర్ చూస్తాయి. గంటకు 10,000 లీటర్లు లాగే పంపుకు మన పూల్‌లో ఒక తిప్పు ఐదు గంటలు. మసక ఉన్నన్నాళ్లు పంపు ఆపకండి. రెండు మూడు రోజులు పట్టడం మామూలే.

శుభ్రంగా ఉన్నప్పుడు ఫిల్టర్ మీటర్ ఎంత ప్రెషర్ చూపిస్తోందో పెయింట్‌తో డబ్బా మీద రాసేయండి. దానికి పావు వంతు పెరిగినప్పుడు బ్యాక్‌వాష్, అంటే నీళ్లను వెనక్కి పంపి ఫిల్టర్‌ను కడగడం, చేయండి. మొదటి వారాల్లో ప్లాస్టర్ పొడి వల్ల తరచుగా చేయాల్సి వస్తుంది. అంతకుముందే చేయకండి, ఇసుక ఫిల్టర్ కొద్దిగా మురికి పట్టాకే సన్నటి రేణువులను బాగా ఆపుతుంది. వాల్వ్ తిప్పేముందు పంపు ఆపండి, లేకపోతే లోపలి రబ్బరు చెడుతుంది. గాజు గొట్టంలో నీళ్లు తేటపడేదాకా బ్యాక్‌వాష్, తర్వాత అర నిమిషం రిన్స్. కొత్త ఇసుక అయితే మొట్టమొదటే ఇది చేయకపోతే దాని దుమ్ము పూల్‌లోకే వస్తుంది.

ఇసుక ఫిల్టర్ 20 నుంచి 40 మైక్రాన్ల రేణువుల దాకా ఆపుతుంది. అంతకన్నా సన్నటివి దూరిపోతాయి. అప్పుడు పటిక పనికొస్తుంది. కుండలోని కలక నీళ్లలో పటిక తిప్పితే మడ్డి అడుగుకు దిగినట్టే, పూల్‌లోనూ సన్నటి రేణువులు ముద్దకట్టి కిందికి దిగుతాయి. ముందు పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య తెచ్చుకోండి. 8 దాటిన నీళ్లలో పటిక సరిగ్గా పనిచేయదు. వాల్వ్‌ను ఫిల్టర్ దాటవేసే రీసర్క్యులేట్‌లో పెట్టి, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదు కలిపి, రెండు గంటలు తిప్పి పంపు ఆపేయండి. రాత్రంతా నీళ్లను కదపొద్దు. తెల్లారి అడుగున దిగిన మడ్డిని వాక్యూమ్‌తో మెల్లగా, నీళ్లను బయటికి వదిలే వేస్ట్ లైన్‌కే పంపండి. ఫిల్టర్‌లోకి పంపితే మళ్లీ పూల్‌లోకి వస్తుంది. పటిక ఆల్కలినిటీని, పీహెచ్‌ను కొంత దించుతుంది, మర్నాడు కొలిచి సరిచేసుకోండి. కార్ట్రిడ్జ్ ఫిల్టర్ ఉండి, వేస్ట్ లైన్ లేనివాళ్లు పటిక జోలికి పోవద్దు. ప్లాస్టర్ రెండు వారాలు దాటకముందు కూడా వద్దు, వాక్యూమ్ చేయాల్సి వస్తుంది కాబట్టి.

దిగేముందు

గట్టు మీద నిలబడి చూస్తే అన్నిటికన్నా లోతైన చోట ఉన్న డ్రెయిన్ జాలీ గీతలు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే క్లోరిన్ ఎంత ఉన్నా ఎవరూ దిగకూడదు. మునిగిన మనిషి మసక నీళ్లలో పక్కనే ఉన్నా కనబడరు. పిల్లలు ఎంత మారాం చేసినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

నీళ్లు తేటగా ఉంటే సరిపోదు, పీహెచ్ 7.2 నుంచి 7.8 లోపు, ఫ్రీ క్లోరిన్ పైన చెప్పినంత, కంబైన్డ్ క్లోరిన్ 0.4 లోపు ఉండాలి. కళ్లు మండి, ఘాటు వాసన వస్తుంటే క్లోరిన్ ఎక్కువైందని చాలామంది తగ్గిస్తారు. ఆ వాసన చెమట, మూత్రంతో కలిసి అలసిపోయిన క్లోరిన్‌ది, అంటే కంబైన్డ్ క్లోరిన్‌ది. అప్పుడు తాజా క్లోరిన్ ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

మొదటి నెల పీహెచ్, క్లోరిన్ రోజూ చూడండి. ఆల్కలినిటీ వారానికి రెండుసార్లు, కాల్షియం, స్టెబిలైజర్ రెండు వారాలకోసారి. 28 రోజులు దాటి, పీహెచ్ వరుసగా వారం పాటు పెద్దగా కదలకుండా ఉంటే రోజు విడిచి రోజు కొలిస్తే సరిపోతుంది. ప్రతి అంకెనూ, వేసిన ప్రతి గ్రామునూ తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఎండ ముదిరినప్పుడు, పెద్ద వాన పడ్డప్పుడు, ఎక్కువమంది ఈదినప్పుడు మీ పూల్ ఎంత క్లోరిన్ తింటుందో, వారానికి ఎంత యాసిడ్ అడుగుతుందో ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది. అవి చూసుకుని వేసే మోతాదు ఏ ప్యాకెట్ మీద రాసినదానికన్నా మీ పూల్‌కు సరిగ్గా సరిపోతుంది.